నడిచే బ్యాండు నిలబడిన ఏడాది

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన తర్వాత వచ్చిన మొదటి డిసెంబరులో, వరంగల్‌లో జరగబోయే మూడు రోజుల సంగీతోత్సవానికి నన్ను వేదికల అధికారిగా వేశారు. అప్పటికి నేను జిల్లాలో సాంస్కృతిక కార్యక్రమాల అధికారిని. పదవీ విరమణ దగ్గర పడింది కాబట్టి ఇంత పెద్ద పని ఇక నా నెత్తిన పడదని అనుకుంటున్న రోజులు.

వేదికల అధికారి అంటే పాటలు ఎంపిక చేసే మనిషి కాదు. ఎవరు ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు దిగాలి, ఒకరు దిగి మరొకరు ఎక్కే మధ్యలో ఏం జరగాలి, ఇవన్నీ చూసే మనిషి. ఆ మధ్య సమయాన్ని మా వాళ్లు 'చేంజోవర్' అంటారు. పాత బ్యాండు డ్రమ్ములు వెనక్కి జరుపుతారు, కొత్తవాళ్ల గిటార్లకు వైర్లు తగిలిస్తారు, ఒక్కో మైకు పలుకుతోందో లేదో తట్టి చూస్తారు. ఆ తట్టి చూడడం 'లైన్ చెక్'. ఇవి జరిగేటప్పుడు జనం లేచి మిర్చి బజ్జీల బండి దగ్గరికి పోతారు. అందులో సగం మంది మళ్లీ రారు. ఉత్సవం బాగుపడేదీ చెడేదీ ఆ ఖాళీలోనే.

నన్ను ఈ పనిలో పెట్టడానికి కారణం నా సంగీత జ్ఞానం కాదని నాకు బాగా తెలుసు. మా నాన్నది చౌరస్తా దగ్గర ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. మేనమామలది బట్టల కొట్టు, పెదనాన్నది కిరాణం. మా ఇళ్లలో పిల్లలకు ఎక్కాల కంటే ముందు బేరం వచ్చేది. టెంటువాళ్లతో, జనరేటర్లవాళ్లతో, కుర్చీలవాళ్లతో నేను మాట్లాడితే ఆఫీసుకు లాభమని పై అధికారులకు తెలుసు. నా వెనక సిబ్బంది నన్ను 'తగ్గించుండ్రి మేడం' అనేవాళ్లు. ముందర అనడానికి ధైర్యం లేదు కానీ, అన్నా నేను కాదనేదాన్ని కాదు.

ఉత్సవాల్లో పని చేసేవాళ్లకు ఇష్టమైన బ్యాండు దొరకడం చాలా అరుదు. ప్రేక్షకులు పాట మొత్తం వింటారు. మేము మొదళ్లూ చివర్లూ మాత్రమే వింటాం, మధ్యలో ఏదో వైరు తెగిందని ఫోను వస్తుంది. అయినా ఆ మొదటి రోజు నాకు రెండు బ్యాండ్లు దొరికాయి. ఒకటి కాజీపేట నుంచి వచ్చిన చర్చి యువతీయువకులది. వాళ్లలో బేస్ గిటార్ వాయించే అమ్మాయి కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతున్నా సరిచేసుకోకుండా వాయించింది. ఆమె కోసం నేను రెండు ఫోన్లు ఎత్తలేదు. రెండోది నేను వినడానికి పోయిన బ్యాండు కాదు. అసలు కార్యక్రమ వరుసలో దానికి పేరే లేదు.

సాయంత్రం ముఖ్య అతిథి వచ్చినప్పుడు గేటు నుంచి వేదిక దాకా తీసుకురావడానికి ఒక పెళ్లి బ్యాండును మాట్లాడారు. మా లెక్కలో అది పూలదండలు, శాలువాలతో కలిసి 'స్వాగత ఏర్పాట్లు' కిందికి వస్తుంది. ఎర్ర కోట్లు, బంగారు రంగు కుచ్చులు, రెండు క్లారినెట్లు, ట్రంపెట్లు, సైడ్ డ్రమ్ములు, అన్నిటికీ వెనక ఒక పెద్ద డ్రమ్ము. నేను వాకీటాకీ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాను. వాళ్లు నడక మొదలుపెట్టారు.

ఆ చప్పుడు ఎట్లా ఉందో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. పాట అందరికీ తెలిసిన పెళ్లి పాటే. కానీ పెద్ద డ్రమ్ము ఒక దెబ్బ ఠంచనుగా పడేది, రెండోది వెంట్రుకవాసి ఆలస్యంగా పడేది. ఆ కాస్త ఆలస్యం కోసం క్లారినెట్ గాలిలో ఆగి ఎదురుచూసేది. దెబ్బ పడగానే అందరూ ఒక్కసారి దాని మీద వాలేవాళ్లు. అడుగు వేయబోయి, ఒక క్షణం ఆగి, మళ్లీ వేసినట్టు. ముఖ్య అతిథి వెంట వచ్చిన గన్‌మెన్ భుజాలు కూడా కదలడం చూశాను. మా ఆఫీసులో ఎప్పుడూ నవ్వని సూపరింటెండెంటు బూటు కొనతో నేల తడుతున్నాడు. వాళ్లు వేదిక దగ్గరికి చేరగానే స్వాగతం పూర్తయిందని మైకులో ప్రకటించారు. బ్యాండు ఆగిపోయింది. తింటుంటే నా చేతిలోని పళ్లెం ఎవరో లాక్కున్నట్టనిపించింది.

ఆ సాయంత్రం చాలామంది ఫోన్లలో వీడియోలు తీశారు. తర్వాత అడిగి తెప్పించుకుని చూశాను. అన్నిటిలో ముఖ్య అతిథి మొహం ఉంది, వ్యాఖ్యాత గొంతు ఉంది. బ్యాండు వెనకెక్కడో గొణిగినట్టు వినిపిస్తుంది.

బ్యాండు మాస్టరు దేవదానం. నలభై దాటిన మనిషి, క్లారినెట్ వాయిస్తాడు, వాళ్ల ఊరి చర్చిలో పాటలకు కూడా అతనే. గేటు అవతల కోట్లు మడత పెడుతుంటే వెళ్లి మాట్లాడాను. బాగుందని చెప్పగానే నమ్మలేదు. అధికారులు మెచ్చుకుంటే ఇంకో చోట ఊరికే వాయించమని అడుగుతారని అతని అనుభవం. నేను అదేమీ కాదని చెప్పి, కళాకారుల జాబితా సంగతి ఎత్తాను. మా శాఖలో ఒక ఎంపిక సంఘం ఉంటుంది. అది వేదిక మీద చూసి మెచ్చిన బృందాన్ని జాబితాలో చేర్చి గుర్తింపు కార్డు ఇస్తుంది. తర్వాత ప్రభుత్వ కార్యక్రమాలకు పిలుపులు వస్తాయి, ముసలితనంలో కళాకారుల పింఛనుకు అర్హత ఉంటుంది. పెళ్లి బ్యాండ్లు ఆ జాబితాలో దాదాపు ఉండవు. ఎవరూ వాటిని వేదిక ఎక్కించరు కనుక.

దేవదానం కోటు మడత ఆపేశాడు.

"మేడం, పెండ్లిల్ల అందరు తిన్నంక మాకు బువ్వ పెడ్తరు. గా కార్డుంటె మమ్ముల కళాకారులు అంటరా?"

అంటారని చెప్పాను.

"అయితె జర సూడుండ్రి. మా పోరగాండ్లు పానం పెట్టి కొడ్తరు."

ఆ ఉత్సవానికి పై అధికారి హైదరాబాదు నుంచి వచ్చిన డిప్యూటీ డైరెక్టరు. చివరి రోజు పెద్ద వేదిక మీద అన్ని స్థానాలూ నిండిపోయి ఉన్నాయి. నేను పోయి ప్రధాన బృందానికి ముందు పూర్తి కార్యక్రమం ఇవ్వమని అడిగాను. నాకు కావలసింది అది కాదు, పెద్ద చేంజోవర్ సమయం. కానీ కావలసినదాన్నే మొదట అడిగితే దక్కదని దుకాణంలో నేర్చుకున్నాను.

"మేడం, అది పెండ్లి బ్యాండు," అన్నారాయన.

"అవును సార్. పెండ్లిలో బ్యాండు కొడుతుంటె ఎవ్వరూ లేచిపోరు. మన కుర్చీలు గంట గంటకు ఖాళీ అయితున్నయి."

ఆయన నవ్వారు. నవ్వించగలిగితే సగం బేరం అయిపోయినట్టే. చివరకు చేంజోవర్ సమయం ఇచ్చారు, ఎంపిక సంఘం ముందు వరుసలో కూర్చునేటట్టు కూడా ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. జనం మధ్య నుంచి నడవకూడదు, బందోబస్తు ప్రణాళికలో దారి లేదు. వేదిక ముందు భాగంలో, తెర ముందర, నిలబడి వాయించాలి. వెనక మా వాళ్లు తమ పని చేసుకుంటారు. నాకు అది షరతులా కూడా అనిపించలేదు. వేదిక ఎక్కే వాళ్లంతా ఒక్కచోట ఉండే వాయిస్తారు. ఇంత దొరికితే అది ఇవ్వడానికేముంది అనుకున్నాను.

దేవదానానికి చెప్పినప్పుడు ఒక్క ప్రశ్న అడిగాడు.

"నడుసుడు ఉండదా మేడం?"

లేదన్నాను. పక్కన పెద్ద డ్రమ్ము వాయించే సాంబయ్య కూర్చుని ఉన్నాడు. దేవదానం కంటే వయసులో పెద్దవాడు, అతన్ని అందరూ మామా అంటారు. "నిలబడుడే గదరా, ఇంకా అల్కగనే ఉంటది," అన్నాడు. "గీ పోరగాండ్లు నడుస్తాంటె కిందికి సూస్తరు, ఫొటో తీస్తరనంగ మీదికి సూస్తరు. నిలబడితె అందరు మొహాలు మంచిగ పడ్తయి."

అందరూ నవ్వారు. నేను కూడా.

చివరి రోజు సాయంత్రం వాళ్లు వేదిక ఎక్కారు. కోట్లు ఇస్త్రీ చేసి ఉన్నాయి. సౌండ్ ఇంజనీరు మర్యాద తెలిసినవాడు. ప్రతి వాద్యం ముందు ఒక మైకు పెట్టి, ఎవరెక్కడ నిలబడాలో నేల మీద తెల్ల టేపుతో గుర్తులు అంటించాడు. పెద్ద డ్రమ్మును సాంబయ్య మెడ నుంచి దించి స్టాండు మీద పెట్టించాడు. చేయవలసిన పనులన్నీ చేశారు. పాట మొదలైంది.

తప్పు ఏదీ లేదు. అదే పాట, అదే వరుస, అదే మనుషులు. కానీ దెబ్బలన్నీ సమానంగా పడుతున్నాయి. క్లారినెట్ తనకు అలవాటైన చోట ఆగేది, అప్పటికే దెబ్బ పడిపోయి ఉండేది. దేవదానం ఆగడం మానేశాడు. ట్రంపెట్ల వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అందరూ తమ కాళ్ల వైపు, టేపు గుర్తుల వైపు చూస్తున్నారు. రెండో పాటకు వెనక వరుసలు లేచాయి. నేను వేదిక పక్కన నిలబడి, నా సరుకును నలుగురి ముందు విప్పితే లోపల వేరే ఏదో ఉన్నట్టు బిత్తరపోయాను.

ఎంపిక సంఘం అధ్యక్షుడు మంచి మనిషి. "పొందిక లేదమ్మా. సాధన చెయ్యమనండి, వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు. ఆయన విన్నదానికి ఆ మాట సరైనదే.

వేదిక దిగాక దేవదానం చెమట తుడుచుకుంటూ, "ఏమైందో నాకే సమజ్ గాలేదు మేడం. కాళ్లు యాడ పెట్టాల్నో తెల్వలే," అన్నాడు. కోట్లు ఈసారి మడత పెట్టలేదు, సంచిలో కుక్కుకున్నారు.

ఏమైందో నాకు తెలిసింది ఆ నెలాఖరున. పాలంపేటలో ఒక కార్యక్రమం ఏర్పాట్లు చూడడానికి ఆఫీసు జీపులో పోతుంటే దారిలో ఒక ఊర్లో చర్చి పెళ్లి ఊరేగింపు అడ్డం వచ్చింది. డ్రైవరు హారన్ మీద చేయి వేశాడు, నేను వద్దన్నాను. ఆ చప్పుడు గుర్తుపట్టాను. దిగి పక్కన నిలబడ్డాను. ఈసారి నా చేతిలో వాకీటాకీ లేదు, ఆహ్వానించాల్సిన అతిథి లేడు. అందుకే కాళ్లు చూడగలిగాను.

సాంబయ్య కుంటుతున్నాడు. డ్రమ్ము ఛాతీ నుంచి మోకాళ్ల దాకా కప్పేస్తుంది కాబట్టి ఎదురుగా నిలబడితే తెలియదు. పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. కుడి కాలు ఠక్కున పడుతుంది. ఎడమ కాలు లేచి, ఒక్క క్షణం జంకి, అప్పుడు పడుతుంది. దెబ్బ ఆ అడుగు మీదే పడుతుంది. ముందున్న వాళ్లందరి నడకా ఆ అడుగుకు తగ్గట్టు కుదిరిపోయింది. క్లారినెట్ ఎదురుచూసేది ఆ ఎడమ కాలి కోసం. వేదిక మీద రెండు కాళ్ల మీద స్థిరంగా నిలబెట్టి మేము దాన్ని తీసేశాం.

ఊరేగింపు ఆగినప్పుడు అడిగితే దేవదానమే చెప్పాడు. సాంబయ్య మొదట ఎనుమాముల మార్కెట్టులో హమాలీ. పత్తి బోరాలు దించుతూ లారీ మీద నుంచి పడ్డాడు. ఎముక సరిగ్గా అతకలేదు. బోరాలు మోయలేనని తేలాక డ్రమ్ము మెడలో వేసుకున్నాడు. అంతకు ముందున్న డ్రమ్మర్ వాయించినప్పుడు బ్యాండు అందరిలాంటి బ్యాండేనట.

తిరిగి వచ్చి నేను ఎంపిక సంఘంతో నా ఉద్యోగంలోకెల్లా కష్టమైన బేరం ఆడాను. వీళ్లను నడుస్తుండగా వినాలన్నాను. రోడ్డు మీద ఎంపిక చేసే పద్ధతి లేదన్నారు. రోడ్డు వద్దు, మైదానం అన్నాను. మైదానానికి అనుమతి వేరే తీసుకోవాలన్నారు. అయితే మన ఆఫీసు ఆవరణ అన్నాను, దానికి అనుమతి ఇచ్చేది నేనే. ఒక సభ్యుడికి ఊరేగింపు వాద్యాలంటే ఇష్టమని తెలుసుకుని ఆయనతో మొదలుపెట్టి, ఒక్కొక్కరినే ఒప్పిస్తూ అధ్యక్షుడి దాకా వచ్చాను. నెలలు పట్టింది. చివరకు, వచ్చే ఎంపికలో ఆ ఒక్క బృందాన్ని ఆవరణలో నడిపించి వినడానికి ఒప్పుకున్నారు. ఆ రోజు నాకు నేను గొప్ప వ్యాపారస్తురాలిగా కనిపించాను.

ఆ మాట చెప్పడానికి ఒక ఆదివారం వాళ్ల ఊరికి పోయాను. ప్రార్థన అయిపోయి చర్చి ముందు జాగాలో బ్యాండు సాధన చేస్తోంది. నేల మీద సుద్దతో గుండ్రాలు గీసుకున్నారు, ఒక్కొక్కరూ ఒక్కో గుండ్రంలో నిలబడ్డారు. దేవదానం ఫోనులో టిక్ టిక్ మని లయ చెప్పే యాప్ పెట్టుకున్నాడు. పెద్ద డ్రమ్ముకు ఇనుప స్టాండు చేయించారు. అందరూ కలిసే వాయిస్తున్నారు. పొందిక ఉంది.

నన్ను చూసి కుర్చీ తెప్పించారు. నేను తెచ్చిన కబురు చెప్పాను. నడిచే వాయించవచ్చని, సంఘం ఒప్పుకుందని. ఎవరూ నేననుకున్నట్టు ఎగిరి గంతెయ్యలేదు. దేవదానం సాంబయ్య వైపు చూశాడు.

"ఎందుకు మేడం మళ్ల నడుసుడు? నిలబడుడు నేర్సుకున్నం గద," అన్నాడు దేవదానం.

నేను వివరించాను. ఆ రెండో దెబ్బ, ఆ ఆలస్యం, క్లారినెట్ ఎదురుచూడడం, అదే మీ బ్యాండు ప్రాణమని. సాంబయ్య చేతులు స్టాండు మీద ఆనించి శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఆశ్చర్యంగా అడిగాడు.

"గదా మీకు మంచిగనిపిచ్చింది? గది నా కాలు మేడం. ఎడమది కింద పెట్టంగనే సూది గుచ్చినట్టయితది. జర ఆగి పెడ్త. గంతే. గిప్పుడు నిలబడి కొడ్తాన, పానం సుఖంగున్నది. ఊరేగింపుల సుత స్టాండుకు చక్రాలు పెడ్తమని గీ అల్లుడు దేవదానమే అంటాండు."

దేవదానం నవ్వి, "మామ గిప్పుడు ఇంటికి పోంగనే తైలం రాయమంటలేడు. అత్తమ్మ ఖుషీగున్నది," అన్నాడు.

నా నోట అప్పుడు వచ్చిన మాట అలవాటు కొద్దీ వచ్చింది. ఒక్కసారి నడిచి వినిపించండి, నేను విని పోతాను అన్నాను.

"మేడం అడిగితె కాదంటమా," అని సాంబయ్య వెంటనే స్టాండు మీది నుంచి డ్రమ్ము ఎత్తాడు. తోలు పట్టీ మెడలో వేసుకున్నాడు. ఎడమ కాలు ముందుకు పెట్టడానికి సిద్ధపడుతూ, ఇంకా పెట్టకముందే, పళ్లు బిగించాడు. ఆ బిగింపు అతనికి కూడా తెలియదనుకుంటాను. నేను కుర్చీలోంచి లేచి వద్దన్నాను. దించెయ్యమన్నాను. దించేశాడు. అడిగింది ఎందుకో, వద్దన్నది ఎందుకో వాళ్లెవరూ నన్ను అడగలేదు. టీ తెచ్చారు, తాగి వచ్చేశాను.

మరుసటి ఎంపికలో వాళ్లు వేదిక మీద, తమ గుర్తుల మీద నిలబడి వాయించారు. అధ్యక్షుడు తల ఊపాడు. సభ్యులందరూ సంతకాలు చేశారు, కింద అధికారిగా నేనూ చేశాను. కార్డులు ఇచ్చిన రోజు దేవదానం తన కార్డు పిల్లలందరికీ చూపించాడు. సాంబయ్య తన కార్డు మీది ఫొటో బాగా రాలేదని ఫొటోగ్రాఫర్‌ను తిట్టాడు. ఆ తర్వాత రెండు ప్రభుత్వ సభల్లో వాళ్లను విన్నాను. భోజనాలు వాళ్లకు అందరితో పాటే పెట్టారు. బ్యాండు బాగుంది. అట్లాంటి బ్యాండ్లు నేను చాలా విన్నాను.

ఇది జరిగాక కొద్దికాలానికే పదవీ విరమణ చేశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన వాళ్లు అప్పుడప్పుడు ఫోను చేసి బృందాలను ఎట్లా ఎంచుకోవాలని అడుగుతుంటారు. నాకు తెలిసినంతవరకు చెబుతాను. మీకు ఏది నచ్చిందో తెలుసుకుంటే సరిపోదు, అది వాయించే మనిషి ఒంట్లో ఎక్కడి నుంచి వస్తోందో కూడా తెలుసుకోండి. తెలిశాక, అదే కావాలని అడిగే హక్కు మీకు ఉండకపోవచ్చు. అప్పుడు మీ పని వాళ్లు కోరింది వాళ్లకు ఇప్పించడం. మీకు నచ్చింది పోతుంది. దాన్ని నష్టంగానే లెక్కపెట్టుకోండి, కానీ వాళ్ల దగ్గర వసూలు చేసుకోవడానికి పోకండి.